చేతొడుగు కథ

రామంతాపూర్‌లో మంచానపడిన మిత్రుని చూడబోయితిని. పరిచారిక అతనికి మలశుద్ధి చేసి, అదే చేతొడుగుతో మంచినీళ్ళ గ్లాసు అందుకొన్నది. వారించితిని. "గ్లవ్స్ ఉన్నాయి కదండీ మాస్టారూ!" అన్నది.

వియన్నా ప్రసూతిశాలలో సెమ్మెల్‌వైస్ విభాగమున 1847 ఏప్రిల్‌లో నూటికి 18 మంది బాలింతలు మరణించిరి. వైద్యులచేత క్లోరిన్ సున్నపునీటితో చేతులు కడిగించగా, జూన్‌కు ఆ సంఖ్య ఇంచుమించు 2కు దిగినది. పెద్దలు మాత్రము ఆయన మాట నమ్మలేదు!

రబ్బరు తొడుగు పుట్టుక వేరు. 1890 ప్రాంతమున బాల్టిమోర్‌లో హాల్‌స్టెడ్ దానిని చేయించినది రోగి కొరకు కాదు. క్రిమిసంహారక ద్రవమునకు చర్మము చెడిన నర్సు కారొలైన్ హాంప్టన్ చేతుల కొరకు. (పిదప ఆమెనే పెండ్లాడినాడు లెండి.) అనగా తొడుగు తొలుత తొడిగినవారి రక్షణకే పుట్టినది. మురికి దానిపై చేరినచో, రోగికి అదీ ఒట్టి చేయీ ఒకటే. పని మారినపుడు తొడుగు మార్చవలెను. విప్పిన వెంటనే చేతులు శుభ్రపరచుకొనవలెను.

ఆమెను తప్పుపట్టలేను, ఎవరును నేర్పలేదు. తొడుగు విప్పి, సబ్బుతో చేతులు కడిగి వచ్చినది. అప్పుడు మిత్రుడు నీళ్ళు త్రాగినాడు.