వెలిగించకుండా తెలుసుకోవడం: బొగ్గుబాయి ల్యాంప్‌రూం నుంచి ల్యాప్‌టాప్ బ్యాటరీ దాకా

బ్యాటరీలో ఎంత మిగిలిందో పైకి కనిపించదు. కిరసనాయిలు బుడ్డినైతే చెవి దగ్గర ఊపితే లోపల ఎంత ఉందో తెలిసిపోతుంది. బ్యాటరీని ఎంత ఊపినా, నిండుగా ఉన్నప్పుడూ వట్టిపోయినప్పుడూ దాని బరువులో చేతికి తెలిసే తేడా ఉండదు. అందుకే దాని లోపలి సంగతి తెలుసుకోవడానికి మనుషులు మూడు దారులు పట్టారు. పనిలో పెట్టి చూడటం ఒకటి. లోపలి రసాయనాన్ని కొలవడం రెండోది. ఎంత ఎక్కించాం, ఎంత వాడాం అని పద్దు రాసుకోవడం మూడోది. మొదటి దారిలో, తెలుసుకోవడం కోసమే ఉన్నదాన్ని కొంత ఖర్చు పెట్టాలి. రెండోది అన్ని రకాల బ్యాటరీలకూ చెల్లదు. చివరకు నిలిచింది మూడోదే. ఉత్తర తెలంగాణలో ఈ పద్దు ముందు బొగ్గుబాయిల ల్యాంప్‌రూంలలో నడిచింది, తర్వాత ల్యాప్‌టాప్‌లలోకి వచ్చింది.

గోదావరి లోయ బొగ్గు కథ ఖమ్మం వైపు ఇల్లెందు దగ్గర మొదలైంది. అక్కడి నిక్షేపాలను 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ గుర్తించాడు. 1886లో హైదరాబాద్ (దక్కన్) కంపెనీ తవ్వకాల హక్కులు పొందింది. 1920లో అది సింగరేణి కాలరీస్ కంపెనీగా మారింది. 1920ల చివరికి గనులు ఆదిలాబాద్ జిల్లాలోని బెల్లంపల్లి ప్రాంతానికి చేరాయి. ఆ తర్వాతి దశాబ్దాల్లో మందమర్రి, శ్రీరాంపూర్ గని ఊళ్లుగా ఎదిగాయి. గోదావరికి అవతలి ఒడ్డున కరీంనగర్ జిల్లా రామగుండంలో తవ్వకాలు 1960ల ఆరంభంలో ఊపందుకున్నాయి. గోదావరిఖని అనే ఊరు గని పేరుతోనే పుట్టింది. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల విభజనతో బెల్లంపల్లి, మందమర్రి, శ్రీరాంపూర్ మంచిర్యాల జిల్లాలోకి, గోదావరిఖని పెద్దపల్లి జిల్లాలోకి వెళ్లాయి.

బాయిలో దిగేవాడికి వెలుతురు సౌకర్యం కాదు, ప్రాణం. ప్రపంచమంతటా తొలినాళ్ల గనుల్లో నూనె దీపాలూ కొవ్వొత్తులే దిక్కు. బొగ్గు పొరల్లోంచి వచ్చే మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం దాకా కలిస్తే మంట తగలగానే పేలుతుంది. 1812లో ఇంగ్లండులోని ఫెల్లింగ్ గనిలో జరిగిన పేలుడు 92 మందిని బలి తీసుకుంది. మూడేళ్ల తర్వాత హంఫ్రీ డేవీ సన్నని లోహపు జాలీ తొడిగిన దీపాన్ని తయారుచేశాడు. ఆ జాతి దీపం గాలిలో మీథేన్ ఉందో లేదో పరీక్షించే సాధనంగా ఆ తర్వాత కూడా చాలాకాలం గనుల్లో ఉంది. కానీ పనికి చాలినంత వెలుతురు దాని నుంచి రాదు. 1914లో థామస్ ఎడిసన్ గని కార్మికుల కోసం టోపీకి తగిలించే విద్యుత్ దీపాన్ని రూపొందించాడు. నడుముకు బ్యాటరీ, నుదుటి మీద లైటు, రెంటినీ కలుపుతూ వీపు మీదుగా ఒక తీగ. ఆ రూపం దాదాపు వందేళ్లు మారలేదు.

మంట దీపంలో నూనె అడుగంటితే వత్తి ముందే చెబుతుంది. విద్యుత్ దీపం ఆ కబురు ఆలస్యంగా చెబుతుంది. చాలాసేపు ఒకే తీరుగా వెలిగి, చివర్లో గబగబా ఎర్రబడి మసకబారుతుంది. ఇంక్లయిన్ (గనిలోకి దిగే వాలు దారి) నోటి నుంచి కిలోమీటర్ల లోపల ఉన్నవాడికి ఆ కబురు అందేసరికి వెనక్కి రావడానికి వ్యవధి ఉండకపోవచ్చు. అందువల్ల దీపం బలం ఎంతో బాయి దిగక ముందే, పైననే తెలియాలి. ఆ పని ల్యాంప్‌రూం మీద పడింది.

ప్రతి గని దగ్గరా హాజరు గదికి పక్కనే ల్యాంప్‌రూం ఉంటుంది. గోడల వెంట ఛార్జింగ్ ర్యాకులు, ప్రతి అరకూ ఒక నంబరు, ప్రతి ల్యాంపుకూ అదే నంబరు. షిఫ్టుకు వచ్చిన కార్మికుడు తన నంబరు ల్యాంపు తీసుకుంటాడు, పైకి వచ్చాక అదే అరలో పెడతాడు. ఏ ల్యాంపు ఎవరికి ఇచ్చారో రాసి పెట్టడం, ఇచ్చే ముందు ప్రతి ల్యాంపునూ అర్హుడైన వ్యక్తి పరిశీలించడం గని నిబంధనల్లో భాగం. షిఫ్టు ముగిశాక ఖాళీగా ఉన్న అర, ఆ నంబరు మనిషి ఇంకా లోపలే ఉన్నాడని చెబుతుంది. ప్రమాదం జరిగిన రోజున ఆ గదిలోని పుస్తకమే మొదటి సాక్ష్యం.

దీపాన్ని వెలిగించి చూడటం వల్ల అక్కడ పెద్ద ప్రయోజనం లేదు. నిండు బ్యాటరీ మీదా, సగం అయిన బ్యాటరీ మీదా బల్బు దాదాపు ఒకేలా వెలుగుతుంది. చూపు కొలమానం కాదు. ఈ పాత క్యాప్ ల్యాంపుల్లో ఎక్కువగా ఉండేది రెండు గదుల లెడ్ యాసిడ్ బ్యాటరీ, మొత్తం నాలుగు వోల్టులు, బరువు రెండు కిలోల పైచిలుకు. 1859లో గాస్టన్ ప్లాంటే కనిపెట్టిన ఈ జాతి బ్యాటరీకి ఒక గొప్ప గుణం ఉంది: అది తన లెక్కను తానే చెబుతుంది. కరెంటు ఇస్తున్న కొద్దీ లోపలి సల్ఫ్యూరిక్ ఆమ్లం సీసపు పలకల్లోకి ఇంకుతుంది, దాని చోట నీరు పుడుతుంది. ద్రవం పలచబడుతుంది. నిండుగా ఉన్నప్పుడు నీటితో పోలిస్తే సుమారు 1.28 రెట్లు ఉండే దాని సాంద్రత, అయిపోయేసరికి 1.12 దగ్గరికి దిగుతుంది. గాజు గొట్టం, కొసన రబ్బరు బుడ్డి, లోపల తేలే చిన్న గాజు తూనిక ఉన్న హైడ్రోమీటరుతో కాస్త ద్రవం పైకి లాగి చూస్తే చాలు. దీపం వెలగక్కర్లేదు, తీగ తాకక్కర్లేదు. బ్యాటరీని నిద్రలేపకుండా దాని సంగతి తెలుసుకునే పద్ధతుల్లో ఇంతకంటే నిజాయితీ గలది తర్వాత రాలేదనే చెప్పాలి.

అయితే షిఫ్టుకు వందల మంది దిగే గనిలో ఒక్కో ల్యాంపు మూత విప్పి ఆమ్లం లాగడం కుదిరే పని కాదు. రోజువారీ పని ర్యాకు మీదే సాగింది. స్థిరమైన వోల్టేజీ దగ్గర ఛార్జ్ చేస్తే, బ్యాటరీ నిండుతున్న కొద్దీ లోపలికి వెళ్లే కరెంటు తగ్గుతుంది. అర దగ్గరున్న ముల్లు సున్నా వైపు వాలిందంటే ల్యాంపు సిద్ధమైనట్టు. ఇక మిగిలింది గంటల లెక్క. గనుల చట్టం భూమి లోపలి పనిని రోజుకు 8 గంటలకు పరిమితం చేసింది. ల్యాంపు అంతకంటే బాగా ఎక్కువసేపు వెలిగేలా ఉండాలి, వచ్చిన వెంటనే తిరిగి ఛార్జింగుకు ఎక్కాలి. వరుసగా రెండు షిఫ్టులకు ఒకే ల్యాంపు వెళ్లకూడదు. ఎంత నిండిందో ముల్లు చెబుతుంది, ఎంత ఖర్చయి ఉంటుందో పుస్తకంలోని వేళలు చెబుతాయి.

ఈ పద్దు ఎంత అవసరమో ఎడిసన్ దీపమే చూపిస్తుంది. దానిలో వాడింది నికెల్, ఇనుము పలకలున్న క్షార బ్యాటరీ. దాని ద్రవం చర్యలో ఖర్చు కాదు కాబట్టి సాంద్రత దాదాపు మారదు. హైడ్రోమీటరు అక్కడ మూగది. అలాంటి బ్యాటరీ విషయంలో రసాయనాన్ని అడిగి లాభం లేదు, లెక్క రాసుకోవలసిందే.

గని బయట లెడ్ యాసిడ్ బ్యాటరీ లారీలకూ ట్రాక్టర్లకూ, ఆ తర్వాత ఇళ్లలో ఇన్వర్టర్లకూ ఎక్కింది. రామగుండంలో 1983 నుంచి ఎన్టీపీసీ కరెంటు తయారవుతున్నా, చుట్టుపక్కల ఊళ్లకు ఒకప్పుడు కోతలు మామూలే. 2012లో కొరత ఎంత ముదిరిందంటే పరిశ్రమలకు కరెంటు సెలవులు ప్రకటించవలసి వచ్చింది. ఆ రోజుల్లో ఇంటింటా చేరిన ఇన్వర్టర్ బ్యాటరీల మూతల మీద ఎర్ర, ఆకుపచ్చ గీతలున్న తేలే పుల్లలు కనిపిస్తాయి. వాటిని ఛార్జ్ గుర్తులుగా పొరబడేవారు చాలామంది. నిజానికి అవి నీటి మట్టాన్ని మాత్రమే చూపిస్తాయి. వట్టిపోయిన బ్యాటరీలోనూ పుల్ల ఆకుపచ్చ దగ్గర హాయిగా నిలబడగలదు.

1991లో సోనీ సంస్థ లిథియం అయాన్ బ్యాటరీని మార్కెట్లోకి తెచ్చింది. ల్యాప్‌టాప్‌లకు అది వరం, కొలిచేవారికి తలనొప్పి. డబ్బా మూసి ఉంటుంది, అందులోంచి లాగి చూడగల ద్రవం ఉండదు. ఒక్కో గది వోల్టేజీ నిండుగా ఉన్నప్పుడు 4.2 దగ్గర మొదలై, మధ్యలో చాలాసేపు 3.7 చుట్టూ తచ్చాడి, చివర్లో ఒక్కసారిగా జారిపోతుంది. చలిలో ఒక అంకె, బరువైన పనిలో మరో అంకె, పాతబడ్డాక ఇంకో అంకె. ఇక్కడా మిగిలిన దారి పద్దే. దాన్ని రాసే మనిషి స్థానంలో ఒక చిప్ వచ్చింది. బ్యాటరీ నుంచి పోయే దారిలో అతి చిన్న నిరోధకం పెట్టి, దాని మీది వోల్టేజీ తేడాను బట్టి కరెంటు ఎంతో చిప్ గ్రహిస్తుంది. దాన్ని కాలంతో గుణించి, వచ్చినది కలుపుతూ పోయినది తీసేస్తూ ఉంటుంది. 1990ల మధ్యలో డ్యూరాసెల్, ఇంటెల్ కలిసి ఈ లెక్కను కంప్యూటరుకు చెప్పే భాషను స్మార్ట్ బ్యాటరీ పేరుతో ప్రమాణంగా మలిచాయి.

ఈ ఏర్పాటులో ముఖ్యమైన సంగతి చిప్ ఉన్న చోటు. అది కంప్యూటరులో కాదు, బ్యాటరీ డబ్బాలోనే ఉంటుంది, ఆ బ్యాటరీ కరెంటుతోనే బతుకుతుంది. ల్యాప్‌టాప్ నిద్రలో ఉన్నా, పూర్తిగా ఆపేసినా, డబ్బాను ఊడదీసి సంచీలో వేసినా లెక్క ఆగదు. కాబట్టి జవాబు కోసం ప్రాసెసరునూ తెరనూ లేపవలసిన పని లేదు. డబ్బా మీద ఒక బొత్తాం, నాలుగైదు చిన్న ఎల్ఈడీలు ఉంటే చాలు. నొక్కితే కొద్ది క్షణాలు వెలిగి ఆరిపోతాయి. ఆపిల్ పవర్‌బుక్ జీ4, డెల్ లాటిట్యూడ్ బ్యాటరీల మీద ఇవి ఉండేవి. 2008లో ఆపిల్ మ్యాక్‌బుక్ ప్రోలో వాటిని యంత్రం ఎడమ అంచుకు మార్చింది. 2012లో వచ్చిన రెటినా మోడల్‌లో ఆ బొత్తాం లేదు. డెల్ ఎక్స్‌పీఎస్ 13 పక్క అంచున మాత్రం మరికొన్నేళ్లు కొనసాగింది. బ్యాటరీలు లోపలే బిగించేయడం, మూత తెరవగానే తెర వెలగడం మొదలయ్యాక తయారీదారులు దాన్ని అనవసరమనుకున్నారు. మూత తెరిస్తే యంత్రం లేస్తుందన్నది వారు పట్టించుకోని సంగతి.

ఆదిలాబాద్ జిల్లాలో ల్యాప్‌టాప్ పెద్ద సంఖ్యలో ఒకేచోటికి చేరింది బాసరలో. 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం, జనం నోట ట్రిపుల్ ఐటీ, పదో తరగతి పూర్తయిన గ్రామీణ విద్యార్థులను ఆరేళ్ల చదువుకు తీసుకుని, ఒక్కొక్కరికి ఒక ల్యాప్‌టాప్ ఇచ్చింది. పాఠాలు దాని తెర మీదే నడిచాయి. బాసర ఇప్పుడు నిర్మల్ జిల్లాలో ఉంది. పాఠ్యపుస్తకం బ్యాటరీతో నడిచే వస్తువైన చోట, తరగతికి బయలుదేరే ముందు అందులో ఎంత ఉందో చూసుకోవడం దినచర్య అవుతుంది. గని కార్మికుడు అర ముందు నిలబడి ముల్లు చూసుకోవడం కూడా అలాంటి పనే.

చిప్ లెక్క తప్పు పట్టలేనిది కాదు. నిరోధకం మీది కొలతలో చిన్న తేడా రోజుల తరబడి పేరుకుంటుంది. వాడకుండా ఉంచినా బ్యాటరీ తనంతట తాను కొంత కోల్పోతుంది. వందల సార్లు ఛార్జ్ అయ్యాక దాని నిండు పరిమాణమే తగ్గుతుంది. అందుకే పూర్తిగా నిండిన క్షణాన్నీ, దాదాపు వట్టిపోయిన క్షణాన్నీ ఆనవాళ్లుగా పట్టుకుని చిప్ తన పద్దును సరిచేసుకుంటుంది. ఎప్పుడూ సగంలోనే తిప్పి వాడిన బ్యాటరీలో ఆ అవకాశం రాక, 30 శాతం చూపిస్తూనే యంత్రం ఆగిపోవడం జరుగుతుంది. మరీ అడుగంటిన బ్యాటరీని రక్షణ వలయం పూర్తిగా విడదీస్తుంది. అప్పుడు బొత్తాం నొక్కినా ఒక్క దీపమూ వెలగదు, అది ఖాళీయా చెడిపోయిందా అని పైనుంచి చెప్పలేం. ఛార్జరుకు తగిలించి కాసేపు చూడాల్సిందే.

ఇటీవలి సంవత్సరాల్లో గని దీపాలు కూడా ఈ జాతిలోకి మారుతున్నాయి. లిథియం బ్యాటరీ, ఎల్ఈడీ లైటు ఉన్న క్యాప్ ల్యాంపులు కొన్ని వందల గ్రాముల బరువే ఉంటాయి. కొన్నిటికి నడుము డబ్బా, తీగ కూడా లేవు. మిగిలిన ఛార్జ్‌ను ల్యాంపే చూపించే మోడళ్లూ వచ్చాయి. ఎవరు దిగారు, ఎవరు పైకి వచ్చారు అన్న లెక్క మాత్రం ల్యాంపు చూపించదు, దాన్ని విడిగా రాసుకోవలసిందే.