తరగతిలో అర్థంకాని గురువు

పాఠం స్పష్టంగా చెప్పేవాడే మంచి గురువని మనం సాధారణంగా భావిస్తాం. ఇది చాలావరకు నిజమే. కాని సైద్ధాంతిక భౌతిక రసాయన శాస్త్ర చరిత్రలో ఈ సూత్రానికి లొంగని వ్యక్తి ఒకడున్నాడు. ఆయన పేరు లార్స్ ఆన్సాగర్.

ఆన్సాగర్ 1903లో నార్వేలో జన్మించాడు. ట్రాండ్‌హైమ్‌లో రసాయన ఇంజనీరింగు చదివి 1925లో పట్టం పుచ్చుకొన్నాడు. అప్పటికి రెండేళ్ల క్రితమే డిబై, హ్యూకెల్ అనే శాస్త్రజ్ఞులు విద్యుద్విశ్లేష్యాలను గురించి కొత్త సిద్ధాంతం ప్రతిపాదించి ఉన్నారు. ఉప్పును నీటిలో కరిగించినప్పుడు ప్రతి అయాను చుట్టూ వ్యతిరేక విద్యుదావేశం గల అయానులు మేఘంలాగా ఆవరించి ఉంటాయి. అయాను ముందుకు కదిలితే ఈ మేఘం దానిని వెనుకకు లాగుతుంది. అందుచేత గాఢత పెరిగినకొద్దీ ద్రావణపు తుల్యాంక వాహకత తగ్గుతుంది. అయితే డిబై తన లెక్కలో, కదిలే అయాను తిన్నగా సాగిపోతుందని భావించాడు. నిజానికి అది కూడా తక్కిన అయానులవలెనే బ్రౌనియన్ చలనంతో అటూ ఇటూ చలిస్తూ ఉంటుంది.

ఆన్సాగర్ ఈ లోపం కనిపెట్టి, 1925లో జూరిచ్ వెళ్లి, డిబైతో ముఖాముఖిగా ఆయన సిద్ధాంతం సరికాదని చెప్పాడు. డిబై ఆ యువకుని వాదం విని, అతనిని తన సహాయకునిగా నియమించుకొన్నాడు. శిష్యుని చేతిలో ఓటమిని కోరుకోవాలని మన పెద్దలు చెప్పిన మాటకు ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

1928లో ఆన్సాగర్ అమెరికా చేరి, జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో మొదటి సంవత్సరం విద్యార్థులకు రసాయన శాస్త్రం చెప్పాడు. వారికి ఏమీ బోధపడలేదు. కొద్ది నెలలకే ఉద్యోగం పోయింది. తరువాత బ్రౌన్ విశ్వవిద్యాలయంలో స్టాటిస్టికల్ మెకానిక్స్ బోధించాడు. విద్యార్థులు దానిని “శాడిస్టికల్ మెకానిక్స్” అని పిలుచుకొనేవారు! తనకు తేలికగా తోచినది ఎదుటివారికీ తేలికేనని అనుకోవడం ఆయన లోపం.

అయితే అదే బ్రౌన్‌లో రేమండ్ ఫ్యూయస్ అనే పరిశోధక విద్యార్థి ఉన్నాడు. వాహకతను ప్రయోగశాలలో కొలిచే పనిలో అతనికి నేర్పు ఉంది. తరగతిలో పదిమందికి అందని ఆలోచన, ఇద్దరు కూర్చొని ఒకే సమస్యను పరిశీలించినప్పుడు అందింది. 1932లో ఇద్దరూ కలిసి ముఖ్యమైన వ్యాసం ప్రకటించారు. పాతికేళ్ల తరువాత, 1957 నాటి వాహకతా సమీకరణానికి కూడా ఈ ఇద్దరి పేర్లే నిలిచాయి.

ఈలోగా 1931లో ఆన్సాగర్ తన పరస్పర సంబంధాలను ప్రకటించాడు. ఉష్ణోగ్రతా భేదంవల్ల పదార్థం వ్యాపనం చెందుతుంది. గాఢతా భేదంవల్ల ఉష్ణం ప్రవహిస్తుంది. ఈ రెండు ప్రభావాల గుణకాలు సమానమని ఆయన నిరూపించాడు. ఆ రోజుల్లో దీనిని పట్టించుకొన్నవారు తక్కువ. 1933లో ఆర్థికమాంద్యంవల్ల బ్రౌన్‌లో ఉద్యోగం కూడా పోయింది.

అప్పుడు యేల్ విశ్వవిద్యాలయం ఆయనకు పరిశోధక వేతనం ఇచ్చింది. తీరా చూస్తే ఆయనకు డాక్టరేటు లేదు! మాత్యూ ప్రమేయాలపై ఆయన వ్రాసిన సిద్ధాంతవ్యాసం రసాయన శాస్త్రజ్ఞులకు కొరుకుడుపడలేదు. కావాలంటే ఆ పట్టం తామే ఇస్తామని గణితశాఖ ముందుకు వచ్చింది. చివరకు 1935లో రసాయనశాఖే ఇచ్చింది. 1945లో ఆయన అక్కడే గిబ్స్ పేరిట ఉన్న ఆచార్యపీఠం అలంకరించాడు. 1931 నాటి కృషికి 1968లో నోబెల్ బహుమానం లభించింది.

అర్థంకాకుండా చెప్పడమే పాండిత్యమని దీనివల్ల అనుకోరాదు. ఆ తరగతులలో విద్యార్థులు పడిన ఇబ్బంది నిజమైనదే. యేల్‌లోనూ ఆయన పాఠాలను “నార్వే భాష” అని చెప్పుకొనేవారు. గమనించవలసింది మరొకటి. డిబై కోపగించి పంపివేసినా, యేల్ వారు పట్టం లేదని తిరస్కరించినా, విజ్ఞానానికి ఎంత నష్టం జరిగేది! మన తరగతిలోనూ వెనుక బల్లపై నుంచి తడబడుతూ “ఈ లెక్క తప్పండీ” అనే కుర్రవాడు ఒకడుండవచ్చు. అతని మాట చివరిదాకా వినడం కూడా బోధనలో భాగమే.