చిరివేరు ఎరుపు నుంచి చెడుగుడు జెర్సీ దాకా

సంక్రాంతి ఇంకా మూడు వారాలుంది. అవనిగడ్డ నుంచి కోడూరు వెళ్ళే దారిలో ఒక టీ కొట్టు దగ్గర ఏడెనిమిది మంది కుర్రాళ్ళు ఒకే ఫోను చుట్టూ మూగి ఉన్నారు. పండగ కబడ్డీ పోటీలకు ఊరి జట్టు జెర్సీ నమూనా బందరు నుంచి వాట్సాప్‌లో వచ్చింది.

"పసుపు పెట్టమంటే నారింజ పెట్టాడేంట్రా?" అని ఒకడు.

"రొయ్యల మేత షాపాయన పేరు ఇంత లావున వేశాడు, ఊరి పేరు చూడు, చంక కింద దాచాడు" అని ఇంకొకడు.

"నిరుడు ఎర్రది వేసుకునే కదరా కప్పు కొట్టాం. రంగు జోలికి పోమాకండి" అని జట్టులో పెద్దవాడు.

నేను టీ తాగి లేచేదాకా తెగలేదు ఆ పంచాయితీ. బస్సెక్కాక కూడా ఆ మాటలే చెవిలో ఉన్నాయి. ఆ తగవును చిన్నదనుకోవడం నా వల్ల కాలేదు. ఏ రంగు మనది, దాన్ని ఎవరు నిర్ణయించాలి, అది ఎన్నాళ్ళు నిలవాలి అన్న ప్రశ్నలు ఈ కృష్ణ దిగువ నేలకు కొత్తవి కావు. రంగు అద్ది బతికిన నేల ఇది.

ముందు జెర్సీ అన్న మాట పుట్టుక చూద్దాం. మన పల్లెల్లో జెర్సీ అంటే మొదట తెలిసింది ఆవు. పాలకేంద్రంలో పాలు పోసే ఏ ఇంట్లోనైనా ఆ మాట చొక్కా కంటే ముందే ఉంది. ఆవుకీ చొక్కాకీ పేరు పెట్టింది ఒకే చోటు. ఇంగ్లండుకీ ఫ్రాన్సుకీ మధ్య సముద్రంలో ఉన్న జెర్సీ అనే చిన్న దీవి. మన దివిసీమతో పోల్చినా చిన్నదే. అక్కడి ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఉన్ని నూలుతో అల్లిన బిగుతు దుస్తులు చలిగాలిలో వేటకు పోయే బెస్తవాళ్ళ ఒంటి మీద ఉండేవి. అల్లిక బట్ట కాబట్టి ఒంటితోపాటు సాగుతుంది, చెయ్యి ఎత్తితే చిరగదు. పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండులో ఆటల జట్లు ఏర్పడుతున్నప్పుడు ఆటగాళ్ళకు కావలసిన గుణం సరిగ్గా అదే. బెస్తవాడి బట్ట ఆటగాడి బట్ట అయింది, దీవి పేరు దానికి అంటుకుపోయింది. నాగాయలంక, కోడూరు తీరాల్లో వలలు లాగే కుటుంబాల పిల్లలు ఈ రోజు జెర్సీ వేసుకుంటే, ఆ బట్ట తన పుట్టింటి లాంటి చోటికే వచ్చిందని నాకనిపిస్తుంది.

అయితే తొలిరోజుల జట్లకు రంగు చొక్కాలు లేవు. ఎవరి తెల్ల చొక్కా వాళ్ళు వేసుకుని, తలమీద టోపీతోనో నడుముకు కట్టిన పట్టీతోనో మనవాడెవడో పైవాడెవడో గుర్తుపట్టేవారు. మన చెడుగుడు బరిలో మొన్నమొన్నటి దాకా నడిచిన పద్ధతీ ఇంతే. ఒక జట్టు బనీన్లతో, ఒక జట్టు ఒట్టి ఒంటితో. జట్టంతా ఒకే ముదురు రంగు చొక్కా వేసుకోవాలంటే ఆ రంగు చవకగా దొరకాలి, ఉతికినా చెమట పట్టినా పోకూడదు. ఆ రహస్యం అప్పటికి శతాబ్దాలుగా మన చేతుల్లో ఉంది.

చిరివేరు అనే చిన్న మొక్క ఉంది. తీరపు ఇసుక నేలల్లో పెరుగుతుంది. దాని వేరులో ఎరుపు ఉంటుంది. బందరు, నిజాంపట్నం ప్రాంతాల చిరివేరు ఎరుపుకు దేశదేశాల్లో పేరు. నేతబట్టను కరక్కాయ రసంలోనూ గేదె పాలలోనూ నానబెట్టి, ఆరబెట్టి, ఎక్కడ ఎరుపు రావాలో అక్కడ పటిక నీళ్ళు అద్ది, ఆ తర్వాత వేరుతో కలిపి ఉడికిస్తే, పటిక తగిలిన చోటే రంగు పడుతుంది. మిగతా చోట కాలువ నీళ్ళలో జాడిస్తే పోతుంది. నలుపుకు తుప్పు ఇనుమూ బెల్లమూ కలిపి పులియబెట్టిన నీళ్ళు. ఈ పని మీదే బందరు రేవు బతికింది. ఇంగ్లీషువాళ్ళు 1611లో ఇక్కడ దిగి గిడ్డంగి పెట్టింది ముఖ్యంగా ఈ బట్టల కోసమే. 1618 నుంచి 1622 వరకు ఇక్కడ ఉన్న వర్తకుడు విలియం మెత్‌వోల్డ్ ఈ రంగుల గట్టిదనాన్ని మెచ్చుకుంటూ రాశాడు. మన అద్దకం బట్టల ధాటికి తట్టుకోలేక ఫ్రాన్సు 1686లో, ఇంగ్లండు 1701లోనూ 1721లోనూ వాటి మీద నిషేధాలు పెట్టుకున్నాయి.

తర్వాత దెబ్బ వేరే వైపు నుంచి వచ్చింది. 1868లో గ్రేబ్, లీబర్‌మన్ అనే ఇద్దరు జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు తారు నుంచి తీసిన పదార్థంతో ఎరుపు రంగు తయారు చేశారు. దాని పేరు అలిజరిన్. చిరివేరులో ఉన్న ఎరుపు కూడా అదే పదార్థం. ఇసుకలో వేళ్ళు తవ్వి, ఎండబెట్టి, దంచి తీసిన రంగు డబ్బాల్లో పొడిగా దొరకసాగింది. చిరివేరు తవ్వేవాళ్ళ పని పోయింది. ఇవాళ పెడనలో టేకు అచ్చులతో అద్దే కలంకారీలో కూడా ఎరుపుకు వాడేది ఎక్కువగా అలిజరినే. అక్కడ ఇంగ్లండులో, ఐర్లండులో కార్మికవాడల జట్లు రంగు జెర్సీలు తొడుక్కోవడం మొదలైంది సరిగ్గా ఆ దశాబ్దాల్లోనే. చవక రంగు వచ్చాకే జట్టు రంగు వచ్చింది. జెర్సీ చరిత్ర రాసేవాళ్ళు మిల్లుల పేర్లు రాస్తారు, క్లబ్బుల పేర్లు రాస్తారు. ఆ రంగు వెనక మన తీరం పోగొట్టుకున్న బతుకుతెరువు సంగతి కూడా రాయాలి.

ఒక్కసారి ఒంటికెక్కాక రంగు ఎంత బలంగా పాతుకుపోతుందో ఐర్లండు చెబుతుంది. అక్కడి గేలిక్ ఆటల సంఘం 1884లో పుట్టింది. కర్రతో బంతిని కొట్టే హర్లింగ్, చేతులతోనూ కాళ్ళతోనూ ఆడే గేలిక్ ఫుట్‌బాల్ వాళ్ళ సొంత ఆటలు. ఆటగాళ్ళకు జీతాలుండవు. ఎవరి జిల్లాకు వాళ్ళు ఆడతారు, మన ఊరి జట్ల లాగే. కార్క్ జిల్లా జట్టుకు ఒకప్పుడు నీలం చొక్కా మీద కాషాయపు అక్షరం ఉండేది. 1919లో స్వాతంత్ర్య పోరాటం నడుస్తుండగా బ్రిటిష్ బలగాలు వాళ్ళ ఆఫీసు మీద పడి జెర్సీలు పట్టుకుపోయాయి. ఆట దగ్గర పడింది. అప్పటికే ఆడటం మానేసిన ఒక మద్యపాన వ్యతిరేక సంఘం జట్టు దగ్గర ఎర్ర చొక్కాలు ఉంటే అరువు తెచ్చుకుని దిగారు. ఆ ఏడు హర్లింగ్ జాతీయ విజేతలు వాళ్ళే. అరువు ఎరుపే వాళ్ళ సొంత రంగైపోయి, వందేళ్ళు దాటినా అలాగే ఉంది. అక్కడ జెర్సీ మీద వ్యాపారుల పేర్లకు చోటిచ్చింది 1991లో. ఇప్పటికీ కొత్త జెర్సీ బయటికొచ్చిన ప్రతిసారీ గీత ఎందుకు మార్చారు, కాలరు ఎందుకు తీశారు, జిల్లా చిహ్నం ఎందుకు చిన్నదైంది అని ఇంటింటా వాదనే.

మనకు క్రికెట్ తెలుపు అలవాటు. తెల్ల బట్టల ఆటకు రంగు పూసింది 1970ల చివర్లో ఆస్ట్రేలియాలో కెర్రీ ప్యాకర్ నడిపిన పోటీలు. ఫ్లడ్‌లైట్ల కింద ఆట, టీవీలో చూడాలి, అందుకు రంగు కావాలి. ప్రపంచకప్‌లో రంగు బట్టలు, వీపు మీద పేర్లు వచ్చింది 1992లో. ముదురు నీలం మీద భుజాల దగ్గర రంగు చారలున్న ఆ ఏటి భారత జెర్సీలో మన జట్టు పెద్దగా గెలిచిందేమీ లేదు. అయినా ఆ తరం దాన్ని మరవలేదు. 2020 చివర్లో ఆస్ట్రేలియా పర్యటనకు దాదాపు అదే నమూనా తిరిగొస్తే నలభై దాటినవాళ్ళు పిల్లల్లా సంబరపడ్డారు. 2019 ప్రపంచకప్‌లో ఇంగ్లండు మీద మన జట్టు నీలంతోపాటు నారింజ వేసుకుంది. రెండు జట్లూ నీలమే కావడం వల్ల వచ్చిన మార్పు అది. 31 పరుగులతో ఓడిపోగానే రాజకీయ నాయకులు కూడా జెర్సీని తప్పుపట్టారు.

మన ప్రాంతపు అభిమానికి ఇంకా దగ్గరి అనుభవం డెక్కన్ చార్జర్స్. 2008లో మొదటి ఐపీఎల్. లేత గోధుమ రంగూ నలుపూ కలిసిన జెర్సీ. లక్ష్మణ్, గిల్‌క్రిస్ట్, సైమండ్స్, అఫ్రిదీ ఉన్న జట్టు 14 ఆటల్లో 2 గెలిచి అట్టడుగున నిలిచింది. మరుసటి ఏడు జెర్సీ నీలం, వెండి రంగులకు మారింది. దక్షిణాఫ్రికాలో జరిగిన ఆ పోటీలో గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో 2009 మే 24న బెంగళూరును 6 పరుగులతో ఓడించి కప్పు తెచ్చారు. రంగు కలిసొచ్చిందనే మాట ఇప్పటికీ విననిచోటు లేదు. నేనైతే గెలుపు రంగుది అనను, ఆటగాళ్ళది. కానీ ఆ నీలాన్ని జనం తమదిగా చేసుకున్నారన్నది నిజం. 2012లో జట్టే రద్దయింది. దాని చోట వచ్చిన సన్‌రైజర్స్ నారింజ తెచ్చింది. 2016లో కప్పు గెలిచాక ఆ నారింజ కూడా మనదైంది. సన్‌రైజర్స్ యాజమాన్యం నమూనాలు మార్చుతూ పోయినా నారింజను వదల్లేదు. అది సరైన పని. గీతలు ఏటేటా మార్చుకోండి, రంగు జోలికి పోకండి. టీ కొట్టు దగ్గర పెద్దవాడు అన్నది అదే మాట.

మరి రంగు ఎవరు తేల్చాలి? ఈ విషయంలో మన జిల్లాకు ఉన్నంత అనుభవం దేశంలో మరే జిల్లాకూ లేదు. బందరుకు దగ్గరలోని భట్లపెనుమర్రులో 1876లో పుట్టిన పింగళి వెంకయ్య, పత్తి మీద పరిశోధన చేసి పత్తి వెంకయ్య అనిపించుకున్న మనిషి, బందరు జాతీయ కళాశాలలో పనిచేసిన మనిషి, 1916లో జాతీయ జెండా మీద ముప్పై నమూనాలతో పుస్తకం వేశాడు. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశంలో గాంధీకి జెండా చూపించాడు. ఎరుపు, ఆకుపచ్చ ఉన్న దానికి తెలుపు చేర్చమన్నాడు గాంధీ. రంగులకు మతాల అర్థం చెప్పడం మీద ఆ తర్వాత పదేళ్ళు దేశమంతా వాదించింది. చివరికి 1931లో కాంగ్రెస్ ఏడుగురితో సంఘం వేసింది. పటేల్, నెహ్రూ, ఆజాద్ ఉన్న ఆ సంఘానికి కన్వీనరు మన బందరు డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్య. వాళ్ళు గదిలో కూర్చుని తేల్చేయలేదు, ప్రశ్నలు పంపి అభిప్రాయాలు అడిగారు. అన్నీ చూసి మొత్తం కాషాయంతో, మూల రాట్నంతో ఒకే రంగు జెండా మేలన్నారు. దాన్ని అఖిల భారత కాంగ్రెస్ కమిటీ ఒప్పుకోలేదు. కాషాయం, తెలుపు, ఆకుపచ్చ, నడుమ నీలి రాట్నం అని ఆ ఆగస్టులో బొంబాయిలో తీర్మానించింది. ఎంత పెద్దవాళ్ళు చెప్పినా, ధరించి మోసేవాళ్ళు ఒప్పుకోని రంగు నిలవదు.

బ్రెజిల్ కూడా ఇదే దారి పట్టింది. 1950 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో తెల్ల జెర్సీతో సొంతగడ్డ మీద ఉరుగ్వే చేతిలో ఓడిపోయాక, ఒక పత్రిక ద్వారా పోటీ పెట్టి జనాన్నే కొత్త నమూనా అడిగారు. నెగ్గింది పందొమ్మిదేళ్ళ కుర్రాడు గీసిన పసుపు చొక్కా. ప్రపంచంలో ఎక్కువమంది గుర్తుపట్టే జెర్సీ అలా పుట్టింది.

2014లో ప్రో కబడ్డీ, దానితో తెలుగు టైటాన్స్ వచ్చాక మన పల్లె బరిలో బనీను పోయింది. ఇప్పుడు గుడివాడలోనూ బందరులోనూ పదిహేను జెర్సీలు చాలు, రెండు రోజుల్లో చేసి ఇస్తున్నారు. తెల్ల పాలిస్టరు బట్ట, కంప్యూటరులో గీసిన బొమ్మ, దాన్ని కాగితం మీద అచ్చు వేసి బట్ట మీద పరిచి రెండువందల డిగ్రీల వేడితో నొక్కడం. ఆ వేడికి రంగు ఆవిరై పోగులోకి ఇంకుతుంది. పెచ్చులూడదు, ఉతికినా పోదు. నూలు బట్ట మీద ఈ పద్ధతి పనిచేయదు, చిరివేరు పాలిస్టరు మీద పట్టనట్టే. పద్ధతి మారింది గానీ అద్దకం వాడి ఆరాటం అదే, రంగు నిలవాలని. నా ఫిర్యాదల్లా ఒకటి. మన ఉక్కపోతలో ఈ బట్ట ఒంటికి అతుక్కుంటుంది. చిన్న కన్నాలున్న రకం అడిగి తీసుకోవాలి, కాస్త ధర ఎక్కువైనా.

జెర్సీ పేరుతో 2019లో వచ్చిన సినిమాలో కథ నడిపేది కొడుకు పుట్టినరోజుకి అడిగిన ఐదువందల రూపాయల భారత జెర్సీ. అందులో తండ్రిగా నటించిన నాని కుటుంబం మూలాలు దివిసీమ వాకిట్లోని చల్లపల్లి. ఆ సినిమా చూసి కళ్ళు తుడుచుకున్నవాళ్ళకు జెర్సీ అంటే బట్ట మాత్రమే కాదని వేరే చెప్పనక్కర్లేదు.

కోడూరు దారిలో టీ కొట్టు దగ్గర ఆ కుర్రాళ్ళకూ, ఈ పండక్కి జెర్సీ కుట్టిస్తున్న ప్రతి ఊరి జట్టుకూ నా మనవి ఇది. రంగు ఊరంతటినీ అడిగి ఒక్కసారి తేల్చుకోండి, తర్వాత మార్చకండి. డబ్బిచ్చినాయన పేరు చేతి మీద వేయండి. గుండె మీద ఊరి పేరు తెలుగు అక్షరాల్లో, దూరం నుంచి చదివేంత పెద్దగా వేయించండి. ఏటా ఒక జెర్సీ ఎవరూ తొడగకుండా పక్కన పెట్టి, అంచు మీద ఏడాది రాసి, ఊరి గ్రంథాలయంలోనో బడిలోనో దాచండి.