అయాన్ మైక్రోబీమ్

యాక్సిలరేటర్‌లో వేగం పుంజుకున్న ప్రోటాన్లనో హీలియం అయాన్లనో మైక్రాన్ల స్థాయి మచ్చగా కుదించి, దానితో నమూనాను చుక్క చుక్కగా పరీక్షించే పరికరం అయాన్ మైక్రోబీమ్. చిప్‌లను చెక్కడానికి వాడే గాలియం అయాన్ పుంజం వేరు. దాని శక్తి 30 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల స్థాయిది. ఇక్కడ మాట్లాడేది అంతకు వంద రెట్ల శక్తి గురించి.

3 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల ప్రోటాన్ సెకనుకు దాదాపు 24,000 కిలోమీటర్లు దూసుకుపోతుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులోని గుండ్రటి అయస్కాంత కటకాల బలం దానికి చాలదు. అందుకే నాలుగు ధ్రువాల క్వాడ్రుపోల్ అయస్కాంతాలను కటకాలుగా వాడతారు. ఒక్కటే పెడితే పుంజాన్ని అడ్డంగా కుదించి నిలువుగా చెదరగొడుతుంది కనుక రెండో మూడో నాలుగో వరసగా అమర్చుతారు. ఇంగ్లండులోని హార్వెల్‌లో జాన్ కుక్సన్ బృందం 1970ల మొదట్లో ఇలాగే కొన్ని మైక్రాన్ల పుంజాన్ని సాధించింది. తర్వాత సింగపూర్‌లో ఫ్రాంక్ వాట్ బృందం దాన్ని 100 నానోమీటర్ల లోపుకు దించింది.

పేరు కటకానికి వస్తుంది గానీ, కష్టమంతా దాని చుట్టూనే ఉంటుంది. కటకం తన అక్షం చుట్టూ వెంట్రుకవాసి తిరిగినా గుండ్రటి మచ్చ ఏటవాలు గీతగా సాగుతుంది. పుంజాన్ని సన్నబరిచే చీలికల అంచుకు తగిలి చెదిరిన అయాన్లు మచ్చ చుట్టూ మసకగా పరుచుకుంటాయి. నేల కంపనం, పక్క గదిలోని విద్యుత్ తీగల అయస్కాంత క్షేత్రం, యాక్సిలరేటర్ వోల్టేజీలో స్వల్ప ఊగిసలాట, వీటిలో ఏ ఒక్కటైనా మచ్చను పాడుచేస్తుంది. పోనీ మచ్చ చిన్నది కావాలని చీలికను రెండు దిశల్లోనూ సగానికి తగ్గిస్తే, పుంజం కరెంటు నాలుగో వంతుకు పడిపోతుంది.

ప్రోటాన్ తగిలిన పరమాణువు తన మూలకానికే చెందిన ఎక్స్-కిరణాన్ని వెలువరిస్తుంది. ఆ కిరణాన్ని బట్టి మూలకాన్ని గుర్తించే పిక్సీ అనే పద్ధతి 1970లో స్వీడన్‌లోని లుండ్‌లో మొదలైంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు భువనేశ్వర్‌లోని యాక్సిలరేటర్ మీద దీనితోనే రొమ్ము కేన్సర్ కణజాలంలోని మూలకాలను కొలిచారు. మైక్రోబీమ్ అయితే ఏ మూలకం ఎంత ఉందో చెప్పడమే కాదు, ఎక్కడ ఉందో కూడా పటం గీసి చూపిస్తుంది.

ఆ పటానికి కంప్యూటరు తప్పనిసరి. స్కానింగ్ కాయిల్స్ పుంజాన్ని జరుపుతుంటే, ప్రతి ఎక్స్-కిరణాన్నీ అది పుట్టిన చోటుతో సహా నమోదు చేస్తారు. ఫోకస్‌నూ యంత్రానికే అప్పగించవచ్చు: సన్నని రాగి జాలీ అంచు మీదుగా పుంజాన్ని నడిపి, సంకేతం ఎంత దూరంలో తగ్గిందో కొలిచి, కటకం కరెంటును సవరించుకుంటూ పోవాలి. ఇనుప ధ్రువాలకు పాత అయస్కాంతత్వం కొంత మిగిలి ఉంటుంది. కాబట్టి కావలసిన కరెంటుకు ఎప్పుడూ ఒకే వైపు నుంచి చేరుకునేలా ప్రోగ్రాం రాయాలి. ఇది మరిస్తే నిన్నటి అంకెలు నేడు పనికిరావు.

కణజీవశాస్త్రంలో ఈ స్వయంచాలకత మరీ కీలకం. కణానికి ఒక్క అయానే తగలాలంటే, డిటెక్టర్ ఒక అయాన్‌ను పసిగట్టగానే విద్యుత్ పలకలు పుంజాన్ని పక్కకు తప్పించాలి. మనిషి చెయ్యి అంత వేగాన్ని అందుకోలేదు. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇలా ఒక్కో జీవకణంలోకి అయాన్లను లెక్కపెట్టి పంపుతారు.