కుమురం భీం సూపర్‌హీరోనా? ఆ పేరుకు తగినోడేనా?

సినిమాలో భీం పులికి ఎదురు నిలబడ్తడు. అడవి జంతువులను లారీలో తెచ్చి గవర్నర్ కోటలోకి వదుల్తడు. 2022లో ఆర్ఆర్ఆర్ వచ్చినప్పటి నుంచి మన ఆదిలాబాద్ మనిషి ప్రపంచానికి సూపర్‌హీరో అయిండు. మరి అసలు మనిషికి అంత పేరు తగునా? నా జవాబు: తగును, ఇంకా ఎక్కువే తగును. కాకపోతే సినిమా ఇచ్చిన పేరు ఆయన చేసిన పనికి వచ్చింది కాదు.

ఒక్క నిమిషం సూపర్‌మ్యాన్ దగ్గరికి పోదాం. 1938లో మొదటి కామిక్ వచ్చినప్పుడు ఆయనకు ఎగరరాదు, ఉత్త దూకుడే. కొట్టింది ఎవరిని? భార్యను కొట్టే మొగుడిని, లంచాల రాజకీయాన్ని. తర్వాత కూలీల పాణాలు లెక్కచెయ్యని గని ఓనర్ని. ఏండ్లు గడిచినకొద్దీ బలం పెరిగింది, విలన్లు వేరే గ్రహాలకు పోయిండ్రు, గని ఓనర్ మాత్రం మెల్లగా మాయమైండు. (ఆ బొమ్మను పుట్టించిన ఇద్దరు పోరగాళ్లకు హక్కుల కింద దక్కింది 130 డాలర్లు. అది వేరే ఎపిసోడ్.)

భీం విషయంలో కూడా అదే జరిగిందని నా అనుమానం.

జనం చెప్పుకునే కథ ఇది. 1901 ప్రాంతంలో ఆసిఫాబాద్ దగ్గర సంకెపల్లిలో గోండుల ఇంట్ల పుట్టిండు. సాగు చేసుకున్న భూమి మీదికి సిద్దిఖీ అనేటోడు వస్తే గొడవ ముదిరి వాడు సచ్చిపోయిండు. భీం చాందాకు, అంటే ఇప్పటి చంద్రపూర్‌కు పారిపోయిండు. అక్కడ ప్రింటింగ్ ప్రెస్సుల పని చేసుకుంట చదువు నేర్సిండు. తర్వాత అస్సాం టీ తోటలు. తిరిగి వచ్చినంక బాబేఝరి, జోడేఘాట్ చుట్టూ పన్నెండు ఊళ్లను లేపిండు. 1940లో పోలీసుల కాల్పుల్లో ప్రాణం విడిచిండు. తారీఖు ఒక పుస్తకంలో ఒకటి, ఇంకో పుస్తకంలో ఇంకొకటి ఉంటది గానీ, జోడేఘాట్‌లో గోండులు ఆశ్వయుజ పౌర్ణమికే వర్ధంతి చేస్తరు.

"ఇదంతా కట్టుకథ కావచ్చు గదా" అంటరా? నేను కోడ్ రాసిన రోజుల్లో ఎవడేం చెప్పినా ముందు లాగ్స్ చూసేది. ఇక్కడ కూడా లాగ్ ఉంది. ఆస్ట్రియాలో పుట్టిన హైమెన్‌డార్ఫ్ అనే ఆంత్రోపాలజిస్ట్‌ను నిజాం సర్కారే గోండుల పరిస్థితి చూడమని పంపింది. భీంను పొగడాల్సిన అవసరం ఆయనకు లేదు. కానీ 1945లో అచ్చయిన ఆయన రిపోర్టుల్లో రిజర్వ్ ఫారెస్ట్ గీతలు, ఊళ్లు ఖాళీ చేయించుడు, గోండుల చేతుల్లోంచి భూములు పోవుడు అన్నీ ఉన్నయ్. అంటే కొట్లాట దేనికోసమో సర్కారు మనిషే రాసిపెట్టిండు.

ఫలితం? 1943లో మార్లవాయిలో గోండు పంతుళ్లను తయారు చేసే బడి మొదలైంది. 1949 నాటికి సుమారు 1,60,000 ఎకరాలకు 11,000 మందికి పైగా ఆదివాసులు పట్టాదారులైండ్రు. భీం పోయినంక తొమ్మిదేండ్లల్ల! ఏ కామిక్ హీరో చరిత్రలో ఇట్లాంటి అంకె చూపిస్తరో చూపించున్రి.

ఇప్పుడు సినిమా మళ్లీ యాది చేసుకోండి. కథ ఢిల్లీలో, శత్రువు ఇంగ్లీష్ గవర్నర్. నిజాం మనిషి వస్తడు, కానీ "భీం వస్తున్నడు, జాగ్రత్త" అని తెల్లోళ్లకు చెప్పి పోతడు, అంతే. అటవీ శాఖ లేదు, పట్టా లేదు. ఇంగ చివర్ల రామ్ "ఏం కావాలె" అని అడిగితే భీం చదువు అడుగుతడు. థియేటర్ల చప్పట్లు కొట్టిన్రు. నాకు మాత్రం అక్కడ గుచ్చుకుంది. ప్రెస్సుల అక్షరాలు నేర్సుకుని వచ్చిండని గోండులు చెప్పుకునే మనిషిని, చదువు కోసం ఇంకొకరి ముందు నిలబెట్టిండ్రు. కండలు పెంచి, బుర్ర కత్తిరించిండ్రు. కల్పితం అని ముందే బోర్డు వేసిన్రు, సరే. కానీ ఇప్పుడు ఫోన్‌లో భీం అని కొడితే ముందు వచ్చేది ఆ బొమ్మే గదా.

పూర్తి మనిషి కావాలంటే 1983లో సాహు, అల్లం రాజయ్య రాసిన కొమురం భీం నవల చదవండి. రాజయ్య గారిది మన పాత కరీంనగర్ జిల్లానే, మంథని దిక్కు. అందులో భీం ఒక్కడే కొట్లాడడు, ఊళ్లు కొట్లాడతయ్.

ఈ తేడా ఎందుకంటే, ఆ భూమి తగాదా ఇంకా ఒడవలే. 2023 జూన్ 30న పోడు పట్టాల పంపిణీ ఆసిఫాబాద్‌లోనే మొదలైంది. 2025 మే 30న సర్కారు 49 నంబర్ జీవో తెచ్చి, కవ్వాల్ నుంచి తాడోబా దిక్కు పులులు తిరిగే దారిని కన్సర్వేషన్ రిజర్వ్‌గా ప్రకటించింది. మా పోడు ఏం కావాలె అని ఆదివాసులు రోడ్డెక్కిండ్రు. జులైలో జీవోను ఆపి పెట్టిండ్రు.

పులికి అడవి కావాలె, అది నేను కాదంటలేను. కానీ ఆ రిజర్వ్‌కు పెట్టిన పేరేందో తెలుసా? కుమురం భీం.

వచ్చే ఎపిసోడ్: 1981 ఏప్రిల్ 20, ఇంద్రవెల్లి.