ఆస్కర్నిష్ గోల్ఫ్ మైదానం ఎవరి చేతి పని?

గోల్ఫ్ చరిత్రకారులను ఒక మైదానం పుట్టుక గురించి అడిగితే, చాలామంది దాన్ని గీసిన మనిషి పేరు చెప్పి ఊరుకుంటారు. ఆ నేల మీద పశువులు మేపుకున్నవాళ్ల ఊసెత్తరు. స్కాట్లాండ్ పశ్చిమ దీవుల్లో, సౌత్ యుయిస్ట్‌లోని ఆస్కర్నిష్ విషయంలో ఇది అన్యాయం దాకా పోయింది.

1891లో పేరున్న గోల్ఫ్ ఆటగాడు, మైదానాల రూపకర్త ఓల్డ్ టామ్ మోరిస్, గోల్ఫ్ రచయిత హోరేస్ హచిన్సన్‌తో వచ్చి ఇక్కడ మైదానం వేశాడు. తర్వాత అది కుంచించుకుపోయింది. 1930ల్లో కొంత నేల మీద విమానాలు దిగాయి. 2005లో గోల్ఫ్ మైదానాల నిపుణుడు గోర్డన్ ఇర్విన్ ఇసుక దిబ్బల్లో పాత జాడ పట్టాడు, 2008లో 18 గుంతలతో మళ్లీ తెరిచారు. 2009లో న్యూయార్కర్ పత్రికలో డేవిడ్ ఓవెన్ రాసిన వ్యాసంతో ఈ కథ లోకమంతా పాకింది. హాయిగా చదివించే రచనే, కాదనను. కానీ అందులో ఎక్కువ వెలుగు పోగొట్టుకున్న మైదానం మీద, దాన్ని వెతికి పట్టినవాళ్ల మీద పడుతుంది. నా పేచీ అక్కడే. గోల్ఫ్ ఆడేవాళ్లకు పోయిందేమో గానీ, ఊరివాళ్లకు ఆ నేల ఎన్నడూ పోలేదు.

ఆ నేలను మాకైర్ అంటారు. గవ్వల పొడి కలిసిన తెల్లటి ఇసుక మీద పలచగా పరుచుకున్న పచ్చిక. క్రాఫ్టర్లు, అంటే చిన్న కమతాల కౌలురైతులు, సముద్రపు నాచు మోసుకొచ్చి ఎరువుగా వేసి, ఓట్స్, రై, బార్లీ పండించి, తర్వాత కొన్నేళ్లు బీడు పెట్టేవారు. చలికాలంలో ఆవులనూ గొర్రెలనూ తోలేవారు. మేత ఆగితే గడ్డి ముదిరి దుబ్బులు కడుతుంది, బంతి దొర్లదు. ఈదురుగాలికి గొర్రె దిబ్బ చాటున ఒదుగుతుంది. దాని ఒరిపిడికి గడ్డి ఊడి ఇసుక బయటపడుతుంది, గాలి ఆ ఇసుకను తవ్వుకుపోతుంది. ఆటగాళ్లు బంకర్ అనేది ఇలాంటి గుంటనే. డెబ్బై ఏళ్ల ఓల్డ్ టామ్ వచ్చేసరికే నేల సిద్ధంగా ఉంది. ఆయన చేసిందల్లా గుంతల చోట్లు ఎంచడం.

ఎవరి కోసం ఎంచాడు? ఎస్టేటు యజమానురాలు లేడీ గోర్డన్ క్యాత్‌కార్ట్ కోసం. ఆమె మామగారు కర్నల్ జాన్ గోర్డన్, 1851లో ఈ దీవుల జనాన్ని ఓడలెక్కించి కెనడాకు తోలించిన భూస్వామి. మిగిలినవాళ్ల గోడు 1883లో విచారణ సంఘం ముందుకొచ్చింది. దాని అధ్యక్షుడు అంతకుముందు మద్రాసు గవర్నరుగా చేసిన నేపియర్ ప్రభువు. 1866 గంజాం కరువు చదివిన తెలుగు పాఠకుడికి ఆ పేరు కొత్త కాదు. ఆ విచారణ ఫలితంగా 1886 చట్టం క్రాఫ్టర్లకు కమతంపై భద్రత ఇచ్చింది. ఆ తర్వాత అయిదేళ్లకే వచ్చిన గోల్ఫ్ మైదానాన్ని ఈ భూమి తగాదా నుంచి విడదీసి చదవడం కుదరదు. 2006లో ఎస్టేటు ఊరివాళ్ల సంస్థ చేతికి వచ్చింది. అయినా మైదానాన్ని పునరుద్ధరిస్తుంటే మేత హక్కు తమదంటూ కొందరు క్రాఫ్టర్లు కోర్టుకెక్కారు. ఆ కేసును మైదానం చరిత్రకు అడ్డంకిగా రాశారు. నాకది ఆ చరిత్రకు మొదటి పుట.

ఓల్డ్ టామ్ కన్ను లేకపోతే ఆ దిబ్బల్లో 18 గుంతల వరస తోచేది కాదన్న మాటలో కొంత నిజముంది. అయితే ఆయన గీసిన పటమే దొరకనప్పుడు ఆ వరస ఎంతవరకు ఆయనదో తేల్చలేం. ఇప్పటికీ అక్కడ రసాయన ఎరువులు వాడరు, చలికాలంలో పశువులు మేస్తాయి. గోల్ఫ్‌కు శిల్పి ఉన్నాడంటే అతడు కాపరే. స్కాట్లాండ్ తీరంలో ఓల్డ్ టామ్ పేరు మోస్తున్న మిగతా పాత మైదానాల విషయంలోనూ ఈ ప్రశ్న అడగాలి.