మందు మ్రింగిరి గాని నేల మారలేదు

అమెరికా దేశపు దక్షిణ రాష్ట్రములలోని బీద రైతులను ఒకప్పుడు లోకులు సోమరులని ఎగతాళి చేయుచుండిరి. వారి ముఖములు పాలిపోయి యుండెను. పిల్లలు బడిలో తూగుచుండిరి. పెద్దలు కొద్దిపాటి పనికే అలసి కూర్చుండుచుండిరి. అది వారి గుణదోషమని అనేకులు తలంచిరి.

గాని 1902లో చార్లెస్ స్టైల్స్ అను జంతుశాస్త్రజ్ఞుడు, ఇది సోమరితనము కాదు, ప్రేగులను కరచిపట్టి రక్తము పీల్చు కొంకి పురుగు చేయు పని యని చెప్పెను. సోమరితనపు క్రిమి దొరికినదని పత్రికలవారు నవ్విరి.

ఆ పురుగు ఒంటిలోనికి వచ్చు త్రోవ అంతకుముందే తెలిసెను. ఈజిప్టులోని కైరో నగరమున ఆర్థర్ లూస్ అను పండితుని చేతిమీద పురుగు పిల్లలున్న నీటిబొట్టు పొరపాటున పడెను. చర్మము దురదపెట్టెను, కొన్ని వారములకు ఆయన మలములోనే గ్రుడ్లు కనబడెను. పురుగు చర్మము గుండ చొచ్చునని ఆయన 1898లో ప్రకటించెను. రోగి ఆరుబయట మలవిసర్జన చేయగా, తడిగల నీడపట్టు నేలలో గ్రుడ్లు పిల్లలగును. అవి ఉత్త కాళ్లతో నడచువారి పాదములలో దూరి, రక్తముతో ఊపిరితిత్తులకును, అచ్చటనుండి గొంతుకకును, తుదకు ప్రేగులకును చేరును.

1909లో రాక్‌ఫెల్లర్ అను ధనికుడు 10 లక్షల డాలర్లు ఇయ్యగా, ఒక ఆరోగ్య సంఘము 11 రాష్ట్రములలో పని ప్రారంభించెను. మన వామునుండియు తీయబడు వాముపువ్వును, దానితో భేదిఉప్పును ఇచ్చి, ఐదేండ్లలో దాదాపు 7 లక్షల మందికి వైద్యము చేసిరి. అనేకులకు బలము తిరిగి వచ్చెను.

అయితే వారు చూచిన పల్లె ఇండ్లలో దాదాపు సగమునకు మరుగుదొడ్డియే లేదు. మందు మ్రింగినవాడు మరల ఆ నేలమీదనే నడచెను. పురుగు మరల లోపలికి వచ్చెను. 1914లో ఆ సంఘము పని ముగియునప్పటికి రోగము తగ్గెను గాని పోలేదు. మరుగుదొడ్లును చెప్పులును ఇంటింట వచ్చిన కొలదిని, అనేక సంవత్సరములకు అది అణగెను.

మన దేశమందును 2015 నుండి నులిపురుగుల నివారణ దినమున పిల్లలకు ఆల్బెండజోల్ బిళ్ళ ఇచ్చుచున్నారు. దానిని తప్పక మ్రింగింపుడి. అయినను ఆ బిళ్ళ కడుపులోని పురుగును చంపును గాని, చేనిగట్టున పడిన గ్రుడ్డును చంపదు. కాబట్టి మరుగుదొడ్డి కట్టుకొనుటయే చాలదు. ఇంటిల్లిపాది దానిని వాడవలెను. పచ్చి మలమును పొలమున వేయరాదు. పిల్లలకు చెప్పులు తొడుగవలెను. మనము శుభ్రముగా ఉంచిన నేల పొరుగువాని బిడ్డకును కాపుదల. పాలిపోయిన వానిని సోమరి యని పిలువకముందు, వాడు నడచు నేలను చూడుడి.